నీట మునిగేవాని ఊపిరి: బనూ మూసా, అల్‌బీరూనీ గ్రంథాలలో శ్వాస సాధనాలు

హైదరాబాదు నగరానికి తూర్పున, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో, దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా అనే ప్రచురణ సంస్థ ఉన్నది. 1888లో నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మౌలానా అన్వారుల్లా ఖాన్ ఫారూఖీ గార్ల పూనికతో ఇది వెలసింది. ప్రపంచంలోని గ్రంథాలయాలలో మూలపడి ఉన్న అరబ్బీ వ్రాతప్రతులను వెదకి, పరిష్కరించి, అచ్చువేయడం దీని పని. ఈ సంస్థ హిజ్రీ 1355లో, అనగా క్రీ.శ. 1936 ప్రాంతంలో, అబూ రైహాన్ అల్‌బీరూనీ రచించిన 'కితాబుల్ జమాహిర్ ఫీ మఅరిఫతిల్ జవాహిర్' అనే రత్నశాస్త్ర గ్రంథాన్ని మొదటిసారి అచ్చులోకి తెచ్చింది. దానిని పరిష్కరించినవాడు జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన అరబ్బీ పండితుడు ఫ్రిట్జ్ క్రెంకోవ్.

నగరానికి పడమటి కొసన నార్సింగి ఉన్నది. గండిపేట చెరువు, అనగా ఉస్మాన్ సాగర్, దిగువన మూసీ ఒడ్డున ఒకప్పుడు పొలాలు, బావులు గల పల్లె అది. ఈనాడు అక్కడ బాహ్యవలయ రహదారి కూడలి, నలభై ఏబై అంతస్తుల మేడలు, వాటి కింద మురుగు తొట్లు ఉన్నవి. వానలు ముమ్మరమై గండిపేట తలుపులు ఎత్తినప్పుడు నార్సింగి నుండి మంచిరేవులకు పోయే దారి మునిగిపోవడం మాత్రం ఇంకా మారలేదు. తూర్పు కొసన అచ్చైన ఆ గ్రంథంలోని ఒక చిన్న ఘట్టాన్ని ఈ పడమటి కొసన నిలబడి చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకో ముందు ముందు పాఠకులకే బోధపడుతుంది.

ముత్యాల నగరమన్న పేరు హైదరాబాదుకు ఎలా వచ్చిందో తెలియనివారు లేరు. ఇక్కడ సముద్రం లేదు. ముత్యపుచిప్ప పుట్టే నీరు వందల క్రోసుల దూరాన పారశీక సింధుశాఖలో ఉన్నది. బహ్రైన్ పరిసరాలలో తీసిన ముత్యాలు బస్రా పేరుతో పేరెన్నికగని, ఇక్కడికి వచ్చి, బెజ్జం వేయబడి, గ్రుచ్చబడి, పత్థర్‌గట్టీ దుకాణాలకు, నవాబుల మెడలకు చేరేవి. 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగలు 173. అందులో ఏడు వరసల సత్‌లడా ముత్యాలహారం ఒకటి. దానిని ప్రదర్శనలో చూసినవారు ముత్యాల మెరుపు గురించి మాట్లాడుకుంటారు. ఒక్కొక్క ముత్యం వెనుక ఎన్ని మునకలు ఉన్నవో, ఎన్ని ఊపిరులు బిగబట్టబడినవో ఎవరూ లెక్క కట్టలేదు. పదిచిప్పలు తెరిస్తే ఒక ముత్యం దొరికే వ్యాపారం కాదది.

దివ్యఖుర్ఆన్‌లో సముద్రం నుండి మానవులు ధరించే ఆభరణాలు తీయడం దైవానుగ్రహాలలో ఒకటిగా నహ్ల్, ఫాతిర్ సూరాలలో పేర్కొనబడినది. సాద్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అ)కు వశం చేయబడిన షైతానుల ప్రస్తావన వచ్చినచోట, వారిలో కట్టడాలు కట్టేవారితోపాటు నీట మునిగేవారు కూడా ఉన్నారని చెప్పబడింది. అక్కడ వాడిన పదం 'గవ్వాస్'. సింధుశాఖ తీరాన ముత్యాలకోసం మునిగే కూలివానికి కూడా నేటిదాకా అదే పేరు. జిన్నాతులకు అప్పగించవలసినంత కష్టమైన పనిని మనిషి తన రెండు ఊపిరితిత్తులతో చేస్తున్నాడన్నమాట.

ఆ పని ఎలా జరిగేదో మన చరిత్రకారులు వ్రాశారు. హిజ్రీ 345లో మరణించిన అల్‌మస్ఊదీ తన 'మురూజుజ్జహబ్'లో ఇలా తెలిపాడు: ముత్యాల వేట నైసాన్ మాసం మొదలు ఐలూల్ చివరిదాకా, అంటే ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు సాగుతుంది. మునిగేవారు చేప, ఖర్జూరం వంటి కొద్దిపాటి ఆహారంతో గడుపుతారు. ముక్కుకు తాబేటిచిప్పతో చేసిన పట్టుకారు వంటిది బిగిస్తారు. చెవులలో నూనెలో తడిపిన దూది పెట్టుకుంటారు. సముద్ర జంతువులు బెదిరేందుకు కాళ్ళకు నలుపు పూస్తారు. ఇంతవరకు నమ్మదగినదే. ముక్కు మూసినందున ఊపిరి వెడలడానికి చెవుల మొదట చీలిక పెట్టించుకుంటారని కూడా అతడు వ్రాశాడు. మనిషి చెవినుండి ఊపిరి పోదు. లోతులో ఒత్తిడికి కర్ణభేరి పగలడం మునిగేవారికి సాధారణం. చెవులనుండి నెత్తురు కారిన ఆ మనుషులను ఒడ్డున చూసినవారెవరో ఈ కథ అల్లి ఉంటారని నా ఊహ.

ఇబ్ను బతూతా పద్నాలుగో శతాబ్దంలో ఇదే వేటను వర్ణించాడు. తాబేటిచిప్ప ముఖకవచం, ముక్కు పట్టుకారు, నడుముకు తాడు, అన్నీ చెప్పాడు. మునిగేవారిలో కొందరు గంట, రెండు గంటలు కూడా లోపల ఉండగలరని చేర్చాడు. ఇది సాధ్యం కాదు. సాధనాలు లేకుండా మునిగే కూలివాడు ఒక్కొక్క మునకకు ఒక నిమిషం, మహా అయితే ఒకటిన్నర నిమిషం లోపల ఉండేవాడు. మన పూర్వులు వ్రాసిన ప్రతి అక్షరమూ నిజమని వాదించడం వారికి గౌరవం కాదు. వారు చూసినదీ విన్నదీ వేరు చేసి చదవడమే వారి పద్ధతి, అదే మన పద్ధతి కావాలి. హదీసు శాస్త్రంలో ఉల్లేఖకుల గొలుసును పరీక్షించడం నేర్పిన ఉమ్మత్‌కు ఈ మాట కొత్తగా చెప్పనవసరం లేదు.

గవ్వాస్‌కు ఉన్న అసలు రక్షణ సాధనం పడవమీద ఉండే మరొక మనిషి. అతనిని 'సైబ్' అంటారు. గవ్వాస్ కాలికి రాయి కట్టుకుని దిగుతాడు, నడుము తాడు కొస సైబ్ చేతిలో ఉంటుంది. లోపలివాడు తాడును ఒక్క కుదుపు కుదపగానే పైవాడు లాగాలి. ఆ క్షణంలో అతడు కునికినా, ప్రక్కవానితో మాటలలో పడినా లోపలివాని ఆయువు తీరినట్లే. రోజుకు పదులకొలది మునకలు, నెలల తరబడి. ప్రతి మునకలోనూ ఇద్దరి ప్రాణం ఒకే తాడుమీద ఉండేది.

ఇక కూలి సంగతి. నౌకానాయకుడైన నాఖుదా వేటకు ముందే గవ్వాస్‌కు ముందస్తు సొమ్ము ఇచ్చేవాడు. వేట ముగిసి లెక్క చూసేసరికి అప్పు తీరేది కాదు, మరుసటి ఏడు మళ్ళీ అదే పడవ ఎక్కవలసి వచ్చేది. తండ్రి పోతే అప్పు కొడుకు మీదికి దిగేది. 1920లలో బహ్రైన్‌లో ఈ లెక్కలు వ్రాతమూలకంగా ఉండాలని సంస్కరణలు వచ్చినవి. 1932లో అక్కడ గవ్వాసులే అల్లరికి లేచారు. ఆలోపున జపానులో మికిమోటో పెంచిన ముత్యాలు, 1929 తరువాతి ఆర్థికమాంద్యం కలిసి ఆ వ్యాపారాన్నే కుప్పకూల్చినవి.

ఫిఖహ్ గ్రంథాలలో ఈ మునక గురించి ఒక ముఖ్యమైన మసాయిల్ ఉన్నది. దాని పేరు 'జర్బతుల్ గాయిస్'. "నేనొక మునక వేస్తాను, అందులో ఏది దొరికితే అది నీది, ఇంత సొమ్ము ఇవ్వు" అన్న బేరం అది. ఇబ్ను మాజాలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (ర) ఉల్లేఖించిన హదీసులో ఈ అమ్మకం వారించబడినది. ఆ ఉల్లేఖన గొలుసు బలహీనమని ముహద్దిసులు చెప్పారు. అయినను, దొరుకుతుందో లేదో తెలియని వస్తువును అమ్మడం 'గరర్' క్రిందికి వస్తుందనడంలో ఫుఖహాలకు సందేహం లేదు. వేటగాని వల విసురుకు కూడా ఇదే హుకుం. కొన్నవాని సొమ్ము వృథా కాకుండా ఈ నిషేధం కాపాడుతుందని సాధారణంగా చెబుతారు. దీనికి రెండవ ప్రక్క కూడా ఉన్నదని నాకు తోస్తుంది. మునకనే అమ్ముకున్నవాడు వట్టి చేతులతో పైకి రాలేడు, కాబట్టి ఊపిరి తీరిపోతున్నా ఇంకొక చిప్పకోసం చేయి చాస్తాడు. ఇది ఫుఖహాల మాట కాదు, నా మాట మాత్రమే.

సముద్రంలోనుండి వచ్చినదానిపై ఐదవ వంతు రాజ్యానికి చెందుతుందా అనే విషయంలో ఇమాం అబూ హనీఫా (రహ్) చెందదన్నారు. ఆయన శిష్యుడు ఖాజీ అబూ యూసుఫ్ (రహ్) చెందుతుందని ఖలీఫా హారూన్ రషీద్ కోసం వ్రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో అన్నారు. ఈ చర్చలో ముత్యం ఉన్నది గాని గవ్వాస్ లేడు. అతని గురించి ఆలోచించినవారిని మరొక శాస్త్రంలో వెదకాలి.

బగ్దాదులో ఖలీఫా మామూన్ ఆదరణలో పెరిగిన ముగ్గురు అన్నదమ్ములు ముహమ్మద్, అహ్మద్, హసన్. తండ్రి పేరు మూసా ఇబ్ను షాకిర్ గనుక వీరిని బనూ మూసా అంటారు. గణితం, ఖగోళశాస్త్రం, యంత్రనిర్మాణం వీరి విద్యలు. క్రీ.శ. 850 ప్రాంతంలో వీరు వ్రాసిన 'కితాబుల్ హియల్'లో నూరు సాధనాల వర్ణన ఉన్నది. దానిని డోనాల్డ్ హిల్ 1979లో ఇంగ్లీషులోకి అనువదించాడు, అరబ్బీ మూలాన్ని అహ్మద్ యూసుఫ్ అల్‌హసన్ 1981లో అలెప్పోనుండి ప్రకటించాడు. ఆ నూటిలో చాలాభాగం విందులలో అతిథులను అబ్బురపరిచే పాత్రలు, రంగు మార్చే నీళ్ళు, తమంతతాము మూసుకునే కూజాలు. ఎంత నేర్పుతో చేసినవైనా అవి దర్బారు వినోదాలే. కాని గ్రంథం చివరి భాగానికి వచ్చేసరికి ధోరణి మారుతుంది. గాలికి ఆరని దీపం, తన వత్తిని తానే సవరించుకునే దీపం వస్తాయి. వాటి సరసన రెండు సాధనాలు ఉన్నవి, మనకు కావలసినవి అవే.

మొదటిది విషవాయువు గల బావిలోకి దిగేవానికోసం. మనిషి దిగగానే ప్రాణం తీసే బావులు ఉంటాయని వారికి తెలుసు. తిత్తుల సహాయంతో చెడుగాలి బారినుండి లోపలివానిని కాపాడటం ఆ సాధనం సారాంశం. దానిని వాడినవాడు కోరిన బావిలో కొంతసేపు నిర్భయంగా ఉండవచ్చునని, అల్లాహ్ తలిస్తే హాని కలుగదని వారు వ్రాశారు. 'కొంతసేపు' అన్న మాటను, 'అల్లాహ్ తలిస్తే' అన్న మాటను రెండింటినీ గమనించాలి. తమ యంత్రం హద్దులు తెలిసినవారి మాటలవి.

రెండవది నీటి అడుగుననున్న వస్తువులను తీసే పట్టు. మధ్యకు కోసిన గొట్టంవంటి రెండు రాగి డొప్పలను కీలుతో కలిపి, గొలుసులు కట్టి దించుతారు. నోరు తెరుచుకుని దిగిన డొప్పలు, పైనుండి లాగగానే మూసుకుని, అడుగున చిక్కినదాన్ని పట్టుకుని పైకి వస్తాయి. నేడు ఓడరేవులలో పూడిక తీసే యంత్రాలకు ఉండే ఇనుపనోరు ఇదే పద్ధతి. దీని గొప్పతనం దాని కీలులో కంటె, మనిషి దిగనక్కరలేదన్న ఆలోచనలో ఉన్నది. మనిషి దిగితీరవలసినచోట గాలి పంపించడం ఒకటి, దిగకుండానే పని జరుపుకోవడం మరొకటి. తొమ్మిదవ శతాబ్దంలో ఒకే గ్రంథంలో ఈ రెండు మార్గాలూ ఉన్నవి.

దాదాపు రెండు వందల ఏండ్ల తరువాత అల్‌బీరూనీ (హి. 362-440, క్రీ.శ. 973-1048) గజ్నీలో సుల్తాన్ మౌదూద్ కాలంలో 'కితాబుల్ జమాహిర్' వ్రాశాడు. భారతదేశాన్ని గురించి అతడు వ్రాసిన గ్రంథం తెలిసినవారు ఎక్కువ, ఇది తెలిసినవారు తక్కువ. ముత్యాల ప్రకరణంలో అతడు బగ్దాదువాసి ఒకడు తనకు చెప్పిన సంగతిని ఎక్కించాడు. ఆ రోజులలో గవ్వాసులు ఊపిరి బిగబట్టే ఇబ్బంది లేకుండా ఉదయంనుండి మధ్యాహ్నందాకా నీటిలో తిరిగే ఉపాయం కనిపెట్టారట. రొమ్ముపై తోలు తొడుగు ఒకటి తగిలించుకుని, అంచులు గట్టిగా బిగించి, అందులోని గాలినే పీలుస్తారట. ఆ గాలి మనిషిని పైకి తేలుస్తుంది గనుక అతనిని అడుగున నిలపడానికి చాలా బరువు కావాలని ఆ వెంటనే చెప్పబడింది. అంతకంటె మేలైన పద్ధతిగా ఇంకొకటి వివరించబడింది: తొడుగు పైభాగానికి చొక్కా చేయివంటి తోలు గొట్టం కుట్టి, కుట్లను మైనంతోనూ తారుతోనూ పూడ్చి, దాని పొడవు నీటిలోతుకు సమానంగా ఉంచాలి. పైకొసను ఒక పెద్ద పళ్ళెం అడుగున చేసిన రంధ్రానికి బిగించాలి. పళ్ళెం మునగకుండా గాలి నింపిన తిత్తులు కట్టాలి. అప్పుడు లోపలివాడు కావలసినంతకాలం, దినాల తరబడి కూడా, ఊపిరి తీయవచ్చును అని ఉన్నది.

ఈ ఘట్టం చదివి, నీటి అడుగున శ్వాసయంత్రాన్ని మనవారే కనిపెట్టారని సంబరపడటం సులభం. అలా వ్రాసినవారు లేకపోలేదు. కాని ఆ సంబరానికి ముందు ఒక గవ్వాస్‌ను ఆ గొట్టంతో నిజంగా నీటిలోకి దించి చూడాలి, కనీసం ఊహలో.

ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి ఒత్తిడి ఒక వాతావరణమంత పెరుగుతుంది, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. ఆరేడు బారల లోతున రొమ్ముమీద అరచేయంత చోటుకు నూరు కిలోలకు పైగా బరువు పడుతుంది. ఊపిరి బిగబట్టి దిగినవానికి ఇది అంతగా బాధించదు, ఎందుకంటె అతని లోపలి గాలి కూడా కుదించుకుని ఆ ఒత్తిడికి సమానమవుతుంది. గొట్టం పైకి తెరచి ఉన్నప్పుడు అలా కాదు. గొట్టంలోని గాలి ఒడ్డుమీది గాలి ఒత్తిడిలోనే ఉంటుంది, రొమ్ముమాత్రం అడుగునీటి ఒత్తిడిలో ఉంటుంది. ఆ బరువును తోసుకుంటూ రొమ్ము విప్పి గాలి లాగడం మనిషి కండరాలకు ఒక మీటరు లోతుకు మించి సాధ్యం కాదు, అదీ క్షణకాలమే. మెత్తని తోలుగొట్టం అయితే నీటి ఒత్తిడికి పేగువలె అతుక్కుపోతుంది. ఒకవేళ అది నిలిచినా, 5 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు గల గొట్టంలో దాదాపు 20 లీటర్ల గాలి పడుతుంది. మనిషి ఒక శ్వాసకు పీల్చేది అర లీటరు. తాను వదిలిన గాలినే మళ్ళీ మళ్ళీ పీల్చి కొద్ది నిమిషాలలో సొమ్మసిల్లుతాడు. మొదటి రకం తోలుతొడుగు విషయమూ ఇంతే. లీటరు గాలికి కిలో బరువు చొప్పున కట్టుకుని దిగినా ఆ గాలి మధ్యాహ్నందాకా ఎక్కడ వస్తుంది?

అల్‌బీరూనీ అజ్ఞాని కాడు. లోహాల, రత్నాల సాంద్రతలను నీటిలో తూచి నిర్ణయించినవాడు, అందుకే తేలే గాలికి తగిన బరువు కావాలన్న సంగతి ఈ ఘట్టంలో తప్పిపోలేదు. నీటిలోతుతో ఒత్తిడి ఎంత పెరుగుతుందో, ఆ ఒత్తిడికి గాలి ఎలా కుదించుకుంటుందో లెక్కకట్టే శాస్త్రం అప్పటికి పుట్టలేదు. గాలి ఒత్తిడికీ పరిమాణానికీ గల సంబంధాన్ని రాబర్ట్ బాయిల్ ప్రకటించినది 1662లో. అల్‌బీరూనీ చేసినది ఒక్కటి: తాను కంటితో చూడలేదని, ఒక బగ్దాదువాసి చెప్పాడని, ఉల్లేఖకుని పెట్టి వ్రాశాడు. ఆ ఒక్క మాటను మన రచయితలు అనువదించేటప్పుడు జారవిడుస్తున్నారు. దానిని జారవిడిచినప్పుడు పండితుని నిజాయితీ పోయి మన డాంబికం మిగులుతుంది.

నిజానికి దారి చూపినది తిత్తి. పైనున్నవాడు గాలిని నొక్కి పంపితే లోపలివాడు లాగనక్కరలేదు, వదిలిన గాలి కూడా కొట్టుకుపోతుంది. తిత్తి మెడను సముద్రంలోకి చాచి, ఒత్తిడిని పెంచుకుంటూ పోతే అదే మునకదుస్తు. ఐరోపాలో జరిగిన కథ కూడా విచిత్రంగా ఈ బాటనే నడిచింది. ఛార్లెస్ డీన్ 1823లో పేటెంటు పొందిన శిరస్త్రాణం సముద్రానికోసం చేసినది కాదు, మంటలు లేచిన ఇంట్లో పొగలోకి పోయేవానికోసం చేసినది. దానికి గొట్టం, తిత్తి ఉన్నవి. కొద్ది ఏండ్లకే అది మునిగిన ఓడల వద్దకు దిగింది. 1830లలో ఆగస్టస్ సీబే దానికి నీరు చొరని దుస్తు కలిపాడు. బావిలోని విషవాయువు, ఇంటిలోని పొగ, సముద్రపు నీరు, మూడింటిలోనూ మనిషికి కావలసినది ఒక్కటే గనుక ఒకదానికి చేసినది రెండవదానికి పనికివచ్చింది. బనూ మూసా పుస్తకంలో బావి సాధనం, సముద్రపు పట్టు ఒకే చోట ఉండటం నన్ను ఆశ్చర్యపరచదు.

గాలి పంపడం తెలిసిన తరువాత కొత్త ఆపద ఎదురైంది. లోతున ఎక్కువసేపు ఒత్తిడి గాలి పీల్చినవాడు త్వరగా పైకి వస్తే నెత్తురులో నత్రజని బుడగలు కట్టి కీళ్ళు పట్టుకుపోవడం, పక్షవాతం, మరణం సంభవించినవి. పాల్ బెర్ 1878లో కారణం చెప్పాడు. ఎంత లోతునుండి ఎంత నెమ్మదిగా రావాలో హాల్డేన్ 1908లో పట్టికలు వేశాడు. మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన సంవత్సరమూ అదే. ఆ వరద ఫలితంగానే నార్సింగి ఎగువన గండిపేట కట్ట 1920లో పూర్తయింది. 1943లో కూస్టో, గాన్యాన్ కలిసి, లోతు ఒత్తిడికి సరిపడా గాలిని అడిగినప్పుడు అడిగినంత ఇచ్చే సాధనాన్ని తయారుచేయడంతో పైనుండి గొట్టం అవసరం కూడా తీరిపోయింది.

ఇంతవరకు సముద్రం. నార్సింగిలో సముద్రం లేదు, ముత్యమూ లేదు. ఇక్కడ మనిషి మునిగేది మురుగులో.

మురుగు తొట్టిలో, మ్యాన్‌హోల్లో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను, బొగ్గుపులుసు వాయువు పుడతాయి. ప్రాణవాయువు తగ్గిపోతుంది. మామూలు గాలిలో అది దాదాపు 21 పాళ్ళు, 19.5కు దిగితే మనిషి దిగరాదు. హైడ్రోజన్ సల్ఫైడు కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. పది లక్షల పాళ్ళలో నూరు పాళ్ళు దాటేసరికి వాసన తెలిపే నరాన్నే మొద్దుబార్చుతుంది. వాసన పోయింది, గాలి బాగుపడిందని అనుకున్నవాడు కొన్ని నిమిషాలలో, కొన్ని చోట్ల ఒకటి రెండు శ్వాసలలోనే, కూలిపోతాడు. ముక్కుకు కట్టుకున్న తడిగుడ్డ దీనిని ఆపలేదు. వాయువును వడకట్టే ముసుగులు కూడా ప్రాణవాయువు లేనిచోట దండగ. బయటినుండి మంచి గాలి రావాలి, లేదా వీపుమీద గాలిసీసా ఉండాలి. పూర్వం బావి పూడిక తీసేవారు ముందు దీపం దించి, ఆరిపోతే దిగేవారు కారు. మీథేను ఉన్న మురుగు తొట్టిలో అదే దీపం పేలుడుకు కారణమవుతుంది. పల్లె బావి జ్ఞానం నగరపు తొట్టికి సరిపోదు.

2016 ఆగస్టులో నార్సింగికి కొద్ది దూరాననున్న మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్లో నలుగురు మరణించారు. 2021 నవంబరులో కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకులో ఇద్దరు మరణించారు. ఇట్టి మరణాలలో తరచుగా ఒకే వరుస కనిపిస్తుంది. మొదటివాడు పడిపోతాడు, వానిని తీయడానికి రెండవవాడు దిగుతాడు. 2015 నవంబరు 26న కేరళలోని కోళిక్కోడులో ఆంధ్రప్రదేశ్ నుండి కూలికి వెళ్ళిన ఇద్దరు తెలుగువారు మ్యాన్‌హోల్లో చిక్కుకున్నారు. ఆ దారిన పోతున్న ఒక ముస్లిం ఆటోడ్రైవరు వారెవరో తెలియకపోయినా కాపాడటానికి దిగి, వారితోపాటే ప్రాణం విడిచాడు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవజాతినంతటినీ కాపాడినట్లేనని దివ్యఖుర్ఆన్ మాయిదా సూరాలో తెలుపుతున్నది. అతని నియ్యత్‌కు అల్లాహ్ ప్రతిఫలం ప్రసాదించుగాక. ఆనాడు ఆ గుంత ప్రక్కన ఒక తిత్తి, ఒక గొట్టం ఉండి ఉంటే ముగ్గురూ ఇంటికి చేరుకునేవారు.

చట్టం లేక కాదు. 2013 చట్టం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని నేరం చేసింది. సుప్రీంకోర్టు 2014లో ఇట్టి మరణానికి 10 లక్షల పరిహారం నిర్ణయించి, 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. దీనికోసం దశాబ్దాలు పోరాడిన బెజవాడ విల్సన్ కోలారు బంగారుగనుల వాడలో పుట్టినవాడు, 2016లో మెగసెసే పురస్కారం పొందాడు. ఆ చట్టం క్రింద వచ్చిన నియమాలలో 44 రకాల సాధనాల పట్టిక ఉన్నది. పట్టిక మొదట్లోనే గాలిగొట్టంతో కూడిన శ్వాసయంత్రం ఉన్నది. దాని వెంటనే, చేతితో త్రిప్పి గాలి పంపే తిత్తిగల ముసుగు పేర్కొనబడింది. అది చదివినప్పుడు నాకు బనూ మూసా గుర్తుకు వచ్చారు. సుమారు 1160 ఏండ్ల పాత ఉపాయాన్ని భారత ప్రభుత్వం రాజపత్రంలో అచ్చువేసింది. దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేసిన గ్రంథంవలె అదికూడా అలమారులో భద్రంగా ఉన్నది.

పనివారిని గురించి దైవప్రవక్త (స) ఆదేశం సహీహ్ బుఖారీ, ముస్లింలలో హజ్రత్ అబూ జర్ర్ (ర) ద్వారా వచ్చింది. మీ చేతికింద ఉన్నవారు మీ సోదరులు, వారి శక్తికి మించిన పని చెప్పవద్దు, చెప్పితే మీరూ చేయి వేయండి అన్నది దాని భావం. ఈ హదీసును మనం జుమా ఖుత్బాలలో వింటాము. మస్జిదుకూ, మదరసాకూ, మన అపార్ట్‌మెంటుకూ తొట్టి ఉంటుందని, దానిని శుభ్రపరిచేవాడు కూడా ఆ హదీసు పరిధిలోకి వస్తాడని ఖుత్బా తరువాత ఎందరికి తోస్తుందో చెప్పలేను. టాంకరు పిలిచినవాడే యజమాని. గుత్తేదారు మీదికి తోసివేస్తే తీరే బాధ్యత కాదది.

నార్సింగిలో గత ఏడాది ఒక భవనం వద్ద చూసిన సంగతి ఇక్కడ చెప్పాలి. తొట్టి మూత తీసి ఉన్నది. ఇరవై ఏండ్ల కుర్రవాడు చొక్కా విప్పి, నోటికి తువ్వాలు కట్టుకుని, అంచున కూర్చున్నాడు. మేస్త్రీ చేతిలో తాడు కూడా లేదు. మా వెంట ఉన్న పెద్దాయన, వయసులో డెబ్బై దాటినవారు, యౌవనంలో ఆరేండ్లు దుబాయిలో ఓడరేవు పని చేసి వచ్చినవారు, ముందుకు వెళ్ళి, "బాబూ, పైకి లే" అన్నారు.

"గుర్తు పట్టలేనంత లోతేం కాదు సాబ్, ఆరడుగులే," అన్నాడు మేస్త్రీ.

"ఆరడుగులైతే ఖబరంతే కదా నాయనా," అన్నారాయన.

కుర్రవాడు లేచాడు. మేస్త్రీ గొణిగాడు. అడుగున గడ్డకట్టిన మడ్డికి నీరు కొట్టి పలచన చేసి, టాంకరు గొట్టంతోనే తీయవచ్చునని టాంకరు డ్రైవరే చివరికి ఒప్పుకున్నాడు. దానికి ఇంకొక టాంకరు నీళ్ళు, ఇంకొక ట్రిప్పు బాడుగ అవుతుందని భవనం కార్యదర్శి అడ్డు చెప్పబోయాడు. ఆ డబ్బు తామిస్తామని ఇద్దరు ముగ్గురు నివాసులు అన్న తరువాత మారు మాట్లాడలేదు. హైదరాబాదులో 2017లో జలమండలి 70 చిన్న జెట్టింగు యంత్రాలను రంగంలోకి దించింది, ఇరుకు సందులలోకి కూడా పోగలవి. కావాలంటే మార్గం ఉన్నది. ఆనాడు మాత్రం వచ్చినది మామూలు నీళ్ళ టాంకరే. ఎవరూ దిగలేదు. మూత బిగించి బండి కదిలేసరికి అస్ర్ అజాన్ అవుతున్నది.